వెలిగించని కర్పూరం

మంగళవారం

నేను వెలిగించలేదు. ఎన్నిసార్లు అడిగినా ఇదే మాట. నిన్న మేస్త్రి అందరి ముందూ అనేశాడు — "సిగరెట్లు కాల్చేది నువ్వొక్కడివేగా, ఇంకెవడ్రా?" లైటరు గేటు దగ్గరే లాక్కుంటారు. ఫోనూ అంతే. చెప్పులు కూడా విప్పించి దులుపుతారు. నిప్పు ఎక్కణ్ణుంచి తేను?

బోర్డర్లో యుద్ధమని మందుగుండు డిపోలో ఎండుగడ్డి మొత్తం కొయ్యమన్నారు. ఒక్క రవ్వ పడితే మైలవరం దాకా ఏమీ మిగలదంట. పని మొదలెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టారు. కర్పూరం మాత్రం వెలిగించనివ్వలేదు. అట్లాగే కొబ్బరికాయ కొట్టిన రాయి మీద పెట్టి, నాతోపాటు పనికొచ్చే పిన్ని దండం పెట్టుకుంది. నిన్న చూస్తే కర్పూరం లేదు. రాయి మీద మసి. చుట్టూ ఎండుగడ్డి... ఒక్క పోచ కూడా కమలలేదు.

బుధవారం

సెక్యూరిటీ సారు పిలిచాడు. ఆదివారం ఆఖర్న బయటికొచ్చింది ఎవరు? నేనే. కొడవలి మర్చిపోయి వెనక్కెళ్ళా. అంతే, అందరూ నావైపే.

పిన్ని ఒక్కతే నా తరఫున — "ఇంట్లో దీపం పెట్టమంటేనే బద్ధకమండీ వీడికి, అక్కడికెళ్ళి కర్పూరం వెలిగిస్తాడా!"

సెంట్రీ నవ్వాడు. సారు నవ్వలేదు.

గురువారం

పొద్దున రాయి మీద మళ్ళీ కర్పూరం. తెల్లగా, కొత్తది. రాత్రి ట్యాంకరుతో నీళ్ళు కొట్టారు, నేలంతా బురద. బురదలో ఒక్క అడుగు లేదు. కర్పూరం పొడిగా ఉంది.

రాయి ముట్టుకున్నా. వెచ్చగా ఉంది. పక్క రాయి చల్లగా.

ఆ మందుగుండు షెడ్ల మధ్య కాకి కూడా అరవదు. మా కొడవళ్ళ చప్పుడొకటే... అందరం ఆపినా కాసేపు వినబడింది.

శుక్రవారం

సారు తేల్చేశాడు. చేసినవాడు రేపటికి ఒప్పుకోవాలి. లేకపోతే ముఠా మొత్తానికి గేటు పాసులు రద్దు. ఒప్పుకున్నవాడు పోలీసుల దగ్గరికి.

దారిలో మేస్త్రి — "ఒప్పేసుకోరా. కుర్రాడివని వదిలేస్తార్లే."

వదిలేస్తారా? ఈ రోజుల్లో?

పిన్ని రాత్రి అన్నం ముట్టలేదు.

శనివారం

చొక్కా ఉతికినా కర్పూరం వాసనే. ఎక్కడ అంటిందో.

వీధిలో జీపు. పిన్ని నాకంటే ముందే మెట్లు దిగిపోయింది. కిటికీలోంచి వినబడుతోంది — "నేనేనండీ. దేవుడికి వెలిగించకుండా వదిలేస్తే అరిష్టమని..."

అబద్ధం. ఆదివారం నాకంటే ముందే గేటు దాటింది. నేను చూశా.

"పిల్లోణ్ణి లేపకండి బాబూ..."

జీపు తలుపు తీస్తున్నారు. నేను వెళ్ళాలి