హాల్లో ఎవరూ నవ్వలేదు

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సాయంత్రం అమ్మని తీసుకుని నీకిష్టమైన పాత సినిమాకి వెళ్ళాను. అదే, సెలవులకి కొండమీదికెళ్ళిన కుర్రకారు ప్రేమల్లో పడి తికమకపడే నలుపు తెలుపు కామెడీ. ఇక్కడ బెంగళూరులోనే, బొమ్మనహళ్ళిలో మళ్ళీ వేశారు.

అందులో వంటవాడు "కాఫీ ఉండాది" అంటాడే, ఆ ఒక్క మాటతోనే కదా, పెళ్ళయినప్పటి నుంచీ నీ కోస్తా చుట్టాల ముందు నా బెంగళూరు తెలుగుని వెక్కిరించావు!

ఆ మాట రానే వచ్చింది. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. అంతా మావాళ్ళే. అమ్మయితే నావైపు తిరిగి, "ఉండే కాఫీని ఉండాదనక ఇంకేమంటారప్పా?" అంది.

పోయినవాళ్ళ మీద పగేమిటని దారంతా అనుమానపడ్డాను. అయినా ఇంటికి రాగానే నీ ఫొటో ముందు గ్లాసు పెట్టి, గట్టిగానే అన్నాను:

"కాఫీ ఉండాది. తాగు."