సంచి కింద పేపరు

4 ఫిబ్రవరి 1946, అమీర్‌పేట

హాస్టల్లో చోటు లేదన్నారు. ట్రైనింగ్‌కి వచ్చిన పదకొండు మందిలో బయట గది తీసుకున్నది నేనొక్కదాన్నే. ఆరేళ్లు వార్డులో చేసిన నర్సును మళ్లీ బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇకమీదట పేషెంట్లు మన దగ్గరికి రారట, మనమే ఇల్లిల్లూ తిరగాలట.

ఇంటామె మంగవ్వ బావి బొక్కెన ముట్టవద్దంది. పురుళ్లు పోసే చేతులు గదా అని. నీళ్లు తనే దూరంనుంచి పోస్తుందట. సరే, పోయనీ.

7 ఫిబ్రవరి

నేను డ్యూటీ నుంచి రాగానే మంగవ్వ నా వెనకే పేడనీళ్లు చల్లుతుంది. ఇవాళ కొన్ని చుక్కలు నా చీర మీద పడ్డాయి. చీర ఉతికి ఆరేశాను. వండుకోలేదు.

11 ఫిబ్రవరి

ఇల్లిల్లూ తిరిగే ఫీల్డ్‌గా నాకు పంజాగుట్ట ఇచ్చారు. రాళ్లు కొట్టేవాళ్ల ఇళ్లు. అక్కడ దేవవ్వకు ఎనిమిదో నెల దాటుతోంది. ఇంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి, ఇద్దరూ సరిగ్గా ఎనిమిదో రోజున దవడలు బిగుసుకుని పోయారట. దేవత కోపం అంటుంది. దేవత కాదు, ధనుర్వాతం. మంత్రసాని సత్తెమ్మ కొడవలితో బొడ్డు కోసి బూడిద అద్దుతుంది. మరిగించిన బ్లేడు, మరిగించిన దారం ఉంటే చాలు.

ఈ బిడ్డను పోనివ్వను. రాసిపెట్టుకుంటున్నాను.

13 ఫిబ్రవరి

అంతా నాశనం చేసుకున్నాను.

ఎవరింటికి వెళ్లినా ముందు పేపరు పరిచి, దాని మీదే బ్యాగు పెట్టాలి, నేల తగలకూడదు. ట్యూటర్ వందసార్లు చెప్పిన టెక్నిక్. అలాగే చేశాను. దేవవ్వ అప్పుడే ఇల్లు అలికి ముగ్గేసింది. తడి ఇంకా ఆరలేదు. పేపరు వైపు చాలాసేపు చూసింది. నా ఇల్లు గంత గలీజుగ కనవడ్డదా అమ్మా, నువ్వు వస్తవనే పొద్దుగాల లేచి అలికిన అన్నది. టెక్నిక్ అని చెప్పబోయాను. ఏం టెక్నిక్, నా మొహం! ఆ కడుపుతో వంగి అలికిన నేల అది. జర లేచి పో అన్నది. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. బ్యాగు చంకన పెట్టుకుని వచ్చేశాను. పేపరు అక్కడే ఉండిపోయింది.

ఇక్కడికి వస్తే మంగవ్వ పేడనీళ్ల చెంబుతో సిద్ధం. మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఆమె నాకు చేసేదే నేను దేవవ్వకు చేసి వచ్చాను.

18 ఫిబ్రవరి

దేవవ్వ తలుపు తీయలేదు.

21 ఫిబ్రవరి

తీయలేదు. ఆమె భర్త పర్శరాములు బయటికొచ్చి, అది మొండిది సిస్టరమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు, సత్తెమ్మ ఉన్నది గదా అన్నాడు. నా ఫికరంతా సత్తెమ్మ గురించే.

25 ఫిబ్రవరి

ఏ ఇంట్లోనూ పేపరు పరవడం లేదు. బ్యాగు ఒళ్లో పెట్టుకుని పనిచేస్తున్నాను. ట్యూటర్ చూసి మార్కులు కోసింది. కారణం చెప్తే, పుస్తకంలో అలా లేదంది. కోసుకోనీ.

సాయంత్రం సత్తెమ్మ ఇంటికే వెళ్లాను. బ్లేడు, దారం మరిగించి, శుభ్రమైన గుడ్డలో కట్టి ఇచ్చాను. బొడ్డు కోసేటప్పుడే విప్పు, బూడిద వద్దు అని బతిమాలాను. ముప్పై ఏండ్ల సంది కోస్తున్న, నువ్వు నిన్న పుట్టినవు, నాకు చెప్పొస్తివా అని నవ్వింది. మూట మాత్రం కొంగున ముడేసుకుంది. చాయ్ ఇచ్చింది. ఇక్కడికి వచ్చాక ఒకరింట్లో చాయ్ తాగడం ఇదే మొదలు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు పట్టుకునే కూర్చున్నాను.

9 మార్చి

దేవవ్వకు నిన్న పొద్దున ఆడపిల్ల. నన్ను పిలవలేదు.

సత్తెమ్మను దారిలో పట్టుకుని బ్లేడు వాడావా అని అడిగాను. అన్నీ నీకు చెప్పాల్నా అని వెళ్లిపోయింది.

12 మార్చి

పిల్లకు ఐదో రోజు. ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడడానికి ఎవరున్నారు గనుక.

15 మార్చి, మధ్యాహ్నం

ఎనిమిదో రోజు. క్లాసు ఎగ్గొట్టాను. దేవవ్వ ఇంటి వెనక గోడను ఆనుకుని నిలబడ్డాను. లోపల చప్పుడు లేదు. చెవి గోడకు ఆనించాను. దవడ బిగుసుకున్న పిల్ల ఏడవదు, పాలు పట్టుకోదు. ఎంతమందిని చూడలేదు వార్డులో. బట్టలు ఉతుకుతున్న ఎవరో ఆడమనిషి నన్ను అదోలా చూసింది. చూడనీ అనుకున్నాను.

లోపల పిల్ల ఒక్కసారిగా ఏడ్చింది. నోరంతా తెరిచి, గొంతు చించుకుని ఏడ్చింది. ఏడువు తల్లీ, ఇంకా ఏడువు అన్నాను, గోడతోనే. తర్వాత దేవవ్వ ఏదో అంటూ పాలకు పెట్టుకున్నట్టుంది, గుటకలు కూడా వినబడ్డాయనిపించింది. తలుపు కొట్టలేదు. పిలవని ఇల్లు. నడుచుకుంటూ అమీర్‌పేట వచ్చేశాను. మంగవ్వ చల్లింది. ఇవాళ నాకది పట్టనే లేదు.

2 ఏప్రిల్

నా గదికి మనిషి వచ్చింది. దేవవ్వ, చంకన పిల్లతో.

గడపలో నిలబడి నా నేలను చూసింది, నన్ను చూసింది. కొంగులోంచి పేపరు తీసి పరిచింది. ఆ రోజుదే, మూల మీద నా టింక్చర్ మరక. పిల్లను దాని మీద పడుకోబెట్టి, నా మొహం చూసి కిసుక్కున నవ్వింది.

పొద్దున్నే రెండుసార్లు తుడిచాను ఆ నేలను. చెప్పలేదు.