ప్రభువు బల్ల దగ్గర వణుకు

హెప్సిబా అక్కకు,

నీ మరిది బాగానే ఉన్నారు, ముందు ఆ మాట చదువు. నిన్న ఫోనులో నాకు ఏడుపు తప్ప మాట రాలేదు.

షుగరు తగ్గాలని ఆయన ఫోనులో ఏదో వీడియో చూసి పది రోజులుగా అన్నం మానేశారు. మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకున్నారు. ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకునే వరసలో ఒళ్లంతా చెమటలు పట్టి వణికిపోయారు. పరిశుద్ధాత్మ దిగిందని సంఘమంతా చేతులెత్తి స్తోత్రం చెప్పింది. నర్సు షారన్ ఒక్కతే "షుగరు పడిపోయింది!" అని అరిచి ద్రాక్షరసం తాగించింది.

"అన్నం తగ్గించేది తప్పు కాదయ్యా, మాత్రల సంగతి నన్ను అడగొద్దా?" అన్నాడు డాక్టరు.

ఆ వీడియో నీకూ పంపినాను కదా. నువ్వూ షుగరు మాత్రలు వేసుకుంటూ అన్నం మానేసుంటే, ఈ ఉత్తరం తెచ్చిన షారన్‌ని వెంటబెట్టుకుని ఇప్పుడే డాక్టరు దగ్గరికి పో.

ఆమె చెప్పకముందే నేనే చెబుతున్నా. అందరికంటే గట్టిగా స్తోత్రం చెప్పింది నేనే అక్కా.

నీ చెల్లెలు