కొండల ముందు ఖాళీ చోటు

అన్నయ్యకి,

పాండు నీ పాదాలకు మొక్కి రాస్తున్నది. ఇక్కడ నేను రెండు పూటలా తింటున్నాను, తిరుగుతున్నాను, ఒంట్లో బాగానే ఉంది. నువ్వెలా ఉన్నావని మాత్రం అడగను. వదిన ఫోన్లో అన్నీ చెబుతూనే ఉంది. వదిన మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? సుజాతకు పొద్దున్నే పామర్రు బస్సులో సీటు దొరుకుతోందా, బడిదాకా నిలబడే వెళ్తోందా? మొన్నటి వాయుగుండానికి మన వీధి వెనక చేలన్నీ పడిపోయాయని వదిన అంది. పాపం, కోతకొచ్చిన చేను. వానలు ఆగాయో లేదో ఎవరైనా ఒక్క ముక్క చెప్పండి.

చేతిలో ఫోనుండగా ఈ ఉత్తరమేమిటి, వీడికి చాదస్తం ముదిరిందని అనుకుంటున్నావు కదూ? నాలుగుసార్లు చేశాను అన్నయ్యా. నాలుగుసార్లూ వదిన ఫోన్ నీ చెవి దగ్గర పెట్టింది, నాలుగుసార్లూ నువ్వు మొహం గోడవైపు తిప్పుకున్నావట. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయినప్పటి నుంచి మాట కూడా తిరగటం లేదని, ఎవరితో మాట్లాడాలన్నా సిగ్గుపడుతున్నావని వదిన చెప్పింది. అందుకని ఇది. దీనికి నువ్వు జవాబు చెప్పక్కర్లేదు. వింటే చాలు, సుజాత చదువుతుంది. అమ్మా సుజాతా, బళ్ళో పిల్లలు నీకు పాఠం అప్పజెప్పినట్టు గబగబా చదివెయ్యకు. నెమ్మదిగా చదువు. నాకు తొందరేం లేదు.

ఇక్కడ నిన్నటిదాకా పదకొండు రోజులు కొండ కనపడలేదు. నవ్వకు. కొండల మీద కూర్చుని కొండ కనపడలేదంటాడేమిటని అనుకుంటావు, కానీ నిజమే చెబుతున్నాను. మబ్బు వచ్చి లోయలో కూర్చుంటుంది, ఇక లేవదు. పొద్దున్నే అట్టలూ స్టూళ్ళూ నీళ్ళ సీసాలూ మోసుకుని, నేర్చుకోవటానికి వచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని వాలు మీదికి వెళ్తాం. ఎదురుగా ఉన్నది చూసి నీటిరంగుల్లో వెయ్యటం కదా మా పని. తీరా ఎదురుగా చూస్తే ఏమీ లేదు, తడిసిన దుప్పటి ఆరేసినట్టు ఒకటే తెలుపు. వాళ్ళు నా మొహం వంక చూస్తారు. నేను మేడమ్‌గారి మొహం వంక చూస్తాను. ఆవిడ డ్రాయింగ్ టీచరుగా రిటైరై ఈ బొమ్మలు నేర్పే శిబిరం పెట్టుకుందని ఇదివరకే చెప్పాను కదా. డెబ్బై ఏళ్ళు దాటాయి, నా కంటే చురుగ్గా ఎక్కుతుంది. "కొండ లేకపోతే మబ్బునే వెయ్యండి," అంటుంది. మబ్బెలా వేస్తాం? రంగు ముట్టుకోకుండా వదిలేస్తే అదే మబ్బు. ఆ ముక్క చెబితే, "అదే నేర్చుకోండి," అంటుంది. ఈవిడతో నాకు రోజూ ఇదే గొడవ.

ఈ నీటిరంగు మనం పరదాలకు వేసిన రంగు లాంటిది కాదు. మనం ముందు ముదురు వేసి, ఆఖరున తెల్లరంగు డబ్బా మూత తీసి మంచు పెట్టేవాళ్ళం. తప్పైతే దాని మీద ఇంకో పూత. ఇక్కడ తెల్లరంగే లేదు. కాగితమే తెలుపు. వెలుగు ఎక్కడ కావాలో ముందే అనుకుని అక్కడ కుంచె పెట్టకుండా ఉండాలి, ఒకసారి మురికి చేస్తే మళ్ళీ రాదు. వచ్చిన కొత్తలో నేను దాచుకున్న తెల్లరంగు డబ్బా మేడమ్‌గారు చూసి లాగేసుకుంది. అది ఇప్పటికీ ఆవిడ బీరువాలోనే ఉంది.

చలి సంగతి చెబితే వదిన భయపడుతుందని చెప్పటం లేదు. అయినా చెబుతాను. మబ్బు రాకముందు ఒక పొద్దున్న ఆకాశానికి నీలం పూశాను. పూసింది పూసినట్టే గడ్డకట్టింది. కాగితం మీద చిన్న చిన్న ఈకల్లాగా లేచింది. దానికి మందేమిటో తెలుసా? నీళ్ళల్లో నాలుగు చుక్కలు బ్రాందీ పొయ్యాలట. నీ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి పదేళ్ళ క్రితం మానేసినవాణ్ణి నేను, ఇప్పుడు నా కుంచె తాగుతోంది. ఒట్టు మాత్రం పోలేదు, నమ్ము. వాసన చూసి ఊరుకుంటున్నాను.

తిండికి లోటు లేదు. రొట్టెలు, రాజ్మా గింజల కూర. అన్నం అడిగితే ఏదో జబ్బు చేసినవాణ్ణి చూసినట్టు చూస్తారు. కొంచెం గోంగూర పచ్చడి, దోసావకాయ పంపించండి. ఎండు చేపలు మాత్రం వద్దు వదినా, పోయినసారి పార్సిలు విప్పగానే పక్కగదుల వాళ్ళంతా కిటికీలు తెరిచారు. ఒక మంకీ టోపీ కూడా పెట్టండి, ఇక్కడ కొన్నవి చెవులదాకా రావటం లేదు.

ఫోన్లో తప్ప తెలుగు మాట చెవిన పడి ఎన్నాళ్ళయిందో. రెండు వారాల కింద గుంటూరు వైపు వాళ్ళు భార్యాభర్తలు వచ్చారు, శాలువల కొట్టు ముందు బేరమాడుతుంటే విన్నాను. సిగ్గు విడిచి పరిగెత్తాను అన్నయ్యా.

"ఏ ఊరండీ మీది?" అన్నాడాయన.

"గుడివాడండీ."

"గుడివాడ నుంచి ఇంత దూరమొచ్చి బొమ్మలేసుకుంటున్నారా? ఏం పనండీ బాబూ!"

ఆవిడ మాత్రం నా స్వెట్టరు చిరుగు వంక చూసి, "అయ్యో, మీకెవరూ లేరాండీ?" అంది.

"ఎందుకు లేరండీ, అన్నయ్య ఉన్నాడు," అన్నాను. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ పూట అట్ట ముట్టుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మబ్బు వదలటం లేదని, మొన్న మేడమ్‌గారు నన్ను గదిలోకి పిలిచి, ఈ రెండేళ్ళలో నేను వేసిన బొమ్మలన్నీ నేల మీద వరసగా పరిచింది. చేతులు కట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. నేను మెచ్చుకుంటుందేమోనని నిలబడ్డాను.

"పాండూజీ, మీ బొమ్మలన్నిటికీ మధ్యలో ఏమీ ఉండదెందుకు?" అంది.

చూశాను. నిజమే. కొండలు బాగానే ఉన్నాయి, దేవదారు చెట్లు బాగానే ఉన్నాయి, అవన్నీ అటూ ఇటూ జరిగి నిలబడ్డాయి. ప్రతి బొమ్మలోనూ సరిగ్గా నడుమ, కింది అంచు నుంచి పైకి, పల్చటి రంగు తప్ప ఏమీ లేని చోటు. మనిషి పట్టేంత. రెండేళ్ళు వేశాను, ఒక్కసారి కూడా గమనించుకోలేదు.

"ఇక్కడ ఎవరో ఉండి లేచి వెళ్ళిపోయినట్టుంది," అందావిడ.

సుజాతా, నీకు ఊహ తెలిసేసరికి ఆ పని తగ్గిపోయింది కాబట్టి నీకోసం చెబుతున్నాను. ఒకప్పుడు ఫోటో స్టూడియోల్లో మనుషుల వెనక కట్టే పరదాలన్నీ మీ నాన్నా నేనూ వేసేవాళ్ళం. పామర్రులో, బందరులో, అవనిగడ్డలో, ఏ స్టూడియోకి వెళ్ళినా మా కొండలే. గుడ్డకి చింతగింజల జిగురు పట్టించి ఆరబెట్టి, పైన మీ నాన్న మంచుకొండలు వేస్తే, కింద నేను మెట్లూ పూలకుండీలూ వేసేవాణ్ణి. ఒకసారి నాకు హుషారెక్కి నడుమ ఒక నెమలిని పెట్టాను. మీ నాన్న కుంచె వెనక్కి తిప్పి నా వేళ్ళ మీద కొట్టాడు. "నడుమ ముట్టుకోకురా. అది మనది కాదు, నిలబడేవాళ్ళది," అన్నాడు. ఆ దెబ్బ ఇంకా నా చేతిలో ఉన్నట్టుంది. ముట్టుకోమన్నా చెయ్యి అక్కడికి పోవటం లేదు.

మేడమ్‌గారికి నా వచ్చీరాని హిందీలో ఇదంతా చెప్పాను. బాగా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆ పరదా ముందు మీ అన్నదమ్ములిద్దరి ఫోటో ఒకటి చూపించండి," అంది.

లేదు కదా అన్నయ్యా! ముప్ఫయ్యేళ్ళు వేశాం, ఒక్కటి కూడా లేదు. నువ్వు పరదా ముడతలు సరిచేసేవాడివి, నేను గొడుగు లైటు పట్టుకునేవాణ్ణి, ఊళ్ళో వాళ్ళంతా నిలబడి వెళ్ళిపోయేవాళ్ళు. మనకెప్పుడూ ఆఖరి బస్సు తొందరే. బొమ్మలన్నీ ఏరుకుని బయటికి వచ్చేశాను.

సుజాతా, ఇక్కడ ఆపమ్మా. ఈ రెండో కాగితం నాన్న ఎడం చేతికివ్వు, కళ్ళజోడు పెట్టు. నువ్వూ అమ్మా కాసేపు వంటింట్లోకి వెళ్ళండి.

అన్నయ్యా, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. మెల్లిగా చదువుకో.

మోపిదేవి స్టూడియో ఆయన మన పరదా తెచ్చి అరుగు మీద పడేసి వెళ్ళిన రోజు నీకు గుర్తుంటుంది. మొక్కు తీర్చుకుని గుండ్లు చేయించుకున్న పిల్లలంతా దాని ముందే ఫోటో దిగేవాళ్ళు. నువ్వు వేసినవాటిలో అదే గొప్పది. ఆయన ఇక ఆకుపచ్చ గుడ్డ కట్టి కంప్యూటర్లో ఏ దేశం కావాలంటే ఆ దేశం పెడతానన్నాడు. ఆయన్ని ఏమీ అనలేక ఆ కోపమంతా నీ మీద చూపించాను. "జన్మలో ఒక్క కొండ చూశావా నువ్వు? కరకట్ట తప్ప ఎత్తైనదేదీ ఎరగవు. ఇన్నేళ్ళూ అబద్ధాలు గీసి నన్ను కూడా ఇందులోకి లాగావు," అన్నాను. వీధిలో నలుగురు వింటుండగా అన్నాను.

నువ్వు తిరిగి తిట్టినా బాగుండేది. "అన్నం చల్లారిపోతోంది, రారా," అన్నావంతే. మధ్యాహ్నం నీ కుంచెలన్నీ ఆ పరదాలోనే పెట్టి చుట్టి అటకెక్కించావు. మళ్ళీ దించలేదు. పెళ్ళీ పెటాకులూ లేనివాణ్ణి, నీ ఇంట్లో నీ కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్నవాణ్ణి, ఆ వారమే నేను ఇక్కడికి వచ్చేశాను. నిజం కొండలు చూసి నీకు చూపిస్తానన్న పొగరుతో వచ్చాను.

నీకు పక్షవాతం వచ్చిందని తెలిసినప్పుడు సెలవు దొరకలేదని చెప్పాను. అబద్ధం. మేడమ్‌గారే వెళ్ళమంది. నేనే రాలేదు. నీ కుడిచెయ్యి చూడాలంటే భయమేసింది. ఆ చేత్తో వేసిన వాటినే కదా నేను అంత మాటన్నాను. మూడు నెలలుగా తిండి సయించటం లేదు, తింటున్నానని పైన రాసింది సుజాత చదువుతుందని రాశాను.

కొండలు చూశాను అన్నయ్యా. చూడటంలో గొప్పేం లేదు, కళ్ళున్న ప్రతివాడూ చూస్తాడు. నేను చూసి వేసిన కొండల ముందు ఎవరూ ఆగరు, టీ తాగుతూ దాటిపోతారు. నువ్వు చూడకుండా వేసిన కొండ ముందు గుండు చేయించుకున్న పిల్లల్ని ఎత్తుకుని తల్లులు నిలబడ్డారు. పొలం పనికి పోయేవాళ్ళు అరువు గడియారం పెట్టుకుని నిలబడ్డారు. వాళ్ళంతా దర్జాగా కనపడేటట్టు నువ్వు ఆ కొండను పక్కకు జరిపావు. అది అబద్ధమెలా అవుతుంది? నేనన్నదే తప్పు. నన్ను క్షమించు.

డాక్టరు రోజూ గోడ పట్టుకుని కాసేపు నిలబడమన్నాడని, నువ్వు వినటం లేదని వదిన ఏడ్చింది. "ఎవరి కోసం నిలబడాలి?" అన్నావట. ఆ ఒక్క మాట మాత్రం స్పష్టంగా వచ్చిందట. అది విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

దీంతో ఒక బొమ్మ పెడుతున్నాను. నిన్న పొద్దున్న కాసేపు మబ్బు విడితే వేశాను. శిఖరం కొంచెం వంకరపోయింది, నువ్వైతే ఇంకో పూత వేసి సరిచేసేవాడివి. నడుమ చోటు మాత్రం ఈసారి చెయ్యి అలవాటు మీద వదల్లేదు. తెలిసే వదిలాను.

మంచు పడటం మొదలైతే శిబిరం మూసేస్తారు. మార్గశిరంలో వస్తున్నాను. మేడమ్‌గారికి చెప్పేశాను కూడా. ఈలోపు అటక మీది పరదా దింపించి ఎండలో వేయించు. ఎలకలు కొట్టి ఉంటే కొట్టనీ, పెరటి గోడకి కట్టిద్దాం. సుజాత తన ఫోన్లో తీస్తుంది. ఎవరి కోసం అన్నావు కదా, నా కోసం నిలబడు. రోజూ కాసేపు గోడ పట్టుకో.

నిలబడలేకపోయినా ఫరవాలేదు. పెద్దవాళ్ళకి స్టూడియోలో కుర్చీ వేసేవాళ్ళం కదా. నువ్వు కుర్చీలో కూర్చో. నేను వెనక నిలబడి నీ కుడి భుజం మీద చెయ్యి వేస్తాను. పడిపోయిన నీ చేతి మీద తువ్వాలు కప్పనివ్వను. కనపడనీ.

వదినకు నా నమస్కారాలు చెప్పు, సుజాతను జాగ్రత్తగా ఉండమను. నాకు నోటితో దీవెన అక్కర్లేదు. వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటాను, ఎడం చెయ్యి నెత్తి మీద పెట్టు.

నీ తమ్ముడు,
పాండు