ఉత్తరాల రచయిత రిటైరయిన సందర్భమున

గ్రంథాలయ ప్రచురణ నిధి అధికారి శ్రీ యర్మో పెల్టోకాంగస్ గారి సముఖమునకు, పరిశోధకురాలు ఐలా కుయస్మా వ్రాసుకొను విన్నపము.

విషయం: సరస్సు మంచుపై మా వ్యాసమును అందరూ ఉచితముగా చదువుటకు రుసుము మంజూరు కోరుట గురించి.

అయ్యా,

నిన్న కాఫీ గదిలో తమరు నాకు ఉత్త యర్మోయే. "అర్జీ పెట్టు ఐలా, చూస్తాను" అన్నారు. "చూసి?" అంటే "చూసి కాదంటాను" అన్నారు. అయినను సమర్పించుకొనుచున్నాను.

1. కేహ్తోయార్వి సరస్సుపై జనం చలికాలంలో నడిచే పాత దారి కింద ప్రవాహం మారినది. అక్కడి మంచు ఇప్పుడు మనిషి బరువు ఆపదని మా కొలతల్లో తేలినది. వ్యాసమును పత్రికవారు సెప్టెంబరులో అంగీకరించిరి.

2. అది అందరికీ తెరిచి ఉంచవలెనన్న రచయితలే మూడు వేల యూరోలు కట్టవలెను. కట్టనిచో తాళము. డబ్బిచ్చి ఆ తాళం తీయించుకునే చేపలవారు ఆ ఊళ్లో లేరు.

3. తమ నిధి "ఉత్తరాల రచయిత" ఉద్యోగంలో ఉంటేనే చెల్లించును. అనగా పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు జరుపువారు. పత్రికవారి ఫారంలో ఆ గడిలో మా సహరచయిత ప్రొఫెసర్ ఓర్వో పేరు నేనే పెట్టితిని. ఆయన ఏ ఉత్తరానికైనా ఆ రోజే జవాబిస్తారు మరి! అది డబ్బుల గడి అని నాకేం తెలుసు? ఆయన ఆగస్టులో రిటైరయినారు.

4. ఆయనకు ఫోన్ చేసితిని. "నా పేరు కొట్టేసి నీది పెట్టుకోవే పిల్లా! నేనిక్కడ ఆవిరిస్నానపు సౌనాకి కట్టెలు కొట్టుకుంటున్నా" అన్నారు. అంగీకరించాక పేరు మార్చరాదని పత్రికవారు. వేరే పత్రికకు పంపిన ఇంకో ఏడాది.

5. అచ్చయ్యేదాకా ఫలితాలు బయట చెప్పనని సంతకం కూడా పెట్టితిని. ఎటు తిరిగినా గోడే అయ్యా.

కావున, కాదనుటకు ముందు ఒక్కసారి పూర్తిగా చదివి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఐలా కుయస్మా

తా.క.: యర్మో, ఇందాక సైయా ఫోన్ చేసింది. ఆ సరస్సులో మంచు కింద వలలు వేసే పెద్దావిడ, కొలతలప్పుడు మాకు తోడొచ్చిన మనిషి.

"మంచు పట్టేసిందమ్మాయ్. శనివారం తమ్ముడూ నేనూ పాత దారిన పోతున్నాం. నీ కాగితం అచ్చయిందా?"

"లేదు. ఆ దారిన వెళ్లకండి సైయా. అడుగున నీళ్లు మంచుని తినేస్తున్నాయి."

సంతకం పెట్టిన మాట తప్పాను, పత్రికవాళ్లు వ్యాసం పీకేస్తే పీకెయ్యనీ.

"మరి ఈ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?" అంది.

ఏం చెప్పను యర్మో? నీ నిబంధనల్లో ఎక్కడైనా ఉందేమో చూడు.