పెళ్లిలోగా దస్తూరీ

తుర్విహాళ దగ్గర మా వలస రైతుల క్యాంపు

1966 నవంబరు 20, ఆదివారం. ఉదయం 6
ఈ రోజు నుంచి దస్తూరీ నేర్చుకుంటున్నాను. గడువు ఫిబ్రవరి. అంటే పెళ్లి.

వేమూరులో వసంతలక్ష్మితో నాకు పెళ్లి ఖాయమైంది. పిల్ల ఎస్సెల్సీ చదివింది. ఉత్తరాలు రాసుకోమని వాళ్ల నాన్నే అన్నారు. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. అందుకని మా క్యాంపు బడిపంతులు శేషయ్య గారి చేత మూడు ఉత్తరాలు రాయించాను. సన్నపాళీతో, దిగే గీత లావుగా, లేచే గీత వెంట్రుకంత సన్నంగా రాస్తారాయన. మీ దస్తూరీ చూసి మురిసిపోయానని ఆ అమ్మాయి జవాబు. పెళ్లయ్యాక వడ్ల బస్తా మీద పేరు రాయమన్నా దొరికిపోతాను.

కొన్నవి: పాళీలు ఆరు, కలం, సిరా బిళ్లలు, నాలుగు గీతల పుస్తకం. రోజుకు రెండు పేజీలు. ఎంతసేపు!

నవంబరు 21. ఉదయం 6.30
కొత్త ఇనుప సామాను ఏదైనా నూనె పట్టించి వాడాలి. ఆరు పాళీలకూ ఆయిలింజను నూనె పట్టించాను.

7 గంటలు. సిరా పాళీ మీద నిలవడం లేదు. కల్తీ సిరా.

నవంబరు 23
సింధనూరు వెళ్లి అంగడి పంపాపతిని నిలదీశాను. ఆయనది రాయచూరు. పాళీ తీసుకుని వాసన చూశాడు.

"ఏందయ్యా గిది, పాళీకి ఎవరన్న నూనె పూస్తరా? కొత్త పాళీకి ఉన్న నూనెనే తుడిచి రాయాలె."

అంగట్లో అందరూ విన్నారు. ఇంకో ఆరు కొన్నాను.

నవంబరు 27
సిరా నిలిచింది! 'అ' మొదలుపెట్టాను. దిగేటప్పుడు ఒత్తమన్నారు శేషయ్య గారు. ఒత్తాను. పాళీ రెండు కాళ్లూ చాపేసింది. అది గునపం కాదని ఆయన నెమ్మదిగానే చెప్పారు. మిగిలినవి ఐదు.

డిసెంబరు 2
కాలవ నీళ్లతో సిరా కలిపాను. పాళీ చీలికలో ఒండ్రు. పిన్నీసుతో తీయబోతే విరిగింది, ఒకటి కాదు, నాలుగు. పైగా కోతలు మొదలయ్యాయి. రేపు నాలుగు పేజీలు.

డిసెంబరు 3
రేపు ఆరు.

డిసెంబరు 9
రేపు పద్దెనిమిది. పుస్తకంలో మిగిలినవి పన్నెండే. ఇక నా చేతుల్లో ఏముంది?

డిసెంబరు 12
వేమూరు నుంచి ఉత్తరం. మన ఇంటి వరండా ముందు మల్లెపందిరి ఉందని రాశారు కదా, మంచినీళ్ల బావి ఎంత దూరమని అడిగింది. వెంటనే జవాబు రాయమంది. లేకపోతే వాళ్ల నాన్న స్వయంగా చూడ్డానికి బయల్దేరతారట.

మాకు వరండా లేదు. బావి లేదు. దస్తూరీతోపాటు పందిరి కూడా శేషయ్య గారే వేసినట్టున్నారు. అడుగుదామంటే సెలవు మీద ఊరెళ్లారు. ఈ సంబంధం తప్పిపోతుందని భయంగా ఉంది.

డిసెంబరు 14
ఆఖరి పాళీ. 'వ' బాగా వచ్చింది. 'సం' దగ్గర మరక. దాంతోనే పాళీ కూడా పోయింది. ఏడుపొచ్చింది.

మా అమ్మ హనుమాయమ్మ వడ్లు ఎండబోస్తూ చూసింది.

"నీకొచ్చినట్టు రాయరా. ఆ పిల్ల కాపరానికొచ్చేది పంతులు గారి దగ్గరికి కాదుగా."

పెన్సిలు తీసుకున్నాను. ముందు మూడు ఉత్తరాలూ నేను రాయలేదని రాశాను. ఇల్లు మట్టిగోడలు, రెల్లు కప్పు. తాగేది కాలవ నీళ్లే, కాచుకుని. ఎనిమిదెకరాలు మాత్రం నిజం. ఇష్టం లేకపోతే మొహమాటపడకుండా చెప్పమని రాసి పోస్టులో వేశాను.

డిసెంబరు 22
జవాబు లేదు.

డిసెంబరు 26
లేదు. పోస్టుమాన్ బసవయ్య నన్ను చూసి సైకిలు వేరే దారిన తిప్పుకుంటున్నాడు.

1967 జనవరి 1, ఆదివారం. ఉదయం 6
ఈ రోజు నుంచి మళ్లీ దస్తూరీ. పాళీలు ఆరు. రోజుకు అర పేజీ. గడువు పెట్టుకోలేదు.

నిన్న వసంతలక్ష్మి ఉత్తరం వచ్చింది. ఇలా ఉంది:

"ఆ మూడు ఉత్తరాలూ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చూపించాను. ఈ పెన్సిలు ఉత్తరం ఎవరికీ చూపించలేదు. నా పెట్టెలో దాచుకున్నాను. సగం అక్షరాలు అర్థం కాలేదు. నేను వచ్చాక మీరే చదివి వినిపించాలి."