పదకొండు బొమ్మలు

16 ఏప్రిల్ 1980, బుధవారం

ఉదయం 11.40కి అఫ్జల్‌గంజ్‌లోని ఒక ఇనుప గోదాంలో డ్రమ్ము పేలి సీమోను రెండు కళ్ళూ దెబ్బతిన్నాయి.

టైము గోదాం గోడ గడియారం ప్రకారం. నేను చేరేసరికి 12.25. అప్పటికే రిక్షాలో ఆస్పత్రికి తీసుకుపోయారు. నేల మీద ఒక చెప్పు, గ్యాస్ కట్టర్, కొంచెం నెత్తురు. డ్రమ్ము పొట్ట చీలి గోడ పక్కన పడి ఉంది.

సీమోనుకు నలభై రెండేళ్ళు. ఇల్లు ఉప్పుగూడ. పద్దెనిమిదేళ్ళుగా ఆ గోదాంలో పాత డ్రమ్ములు, బాయిలర్లు, బస్సు బాడీలు కోస్తున్నాడు. పనికిరావని పారేసిన ముక్కలు ఏరి, వెనక రేకుల షెడ్డులో బొమ్మలు చేస్తాడు. ఈ ఆదివారం ఆ బొమ్మలకు మొదటి ప్రదర్శన. మొన్న పదమూడున దాని గురించి పేపర్లో రాసింది నేనే.

డ్రమ్ములో ఒకప్పుడు థిన్నర్ ఉండేది. ఆవిరి లోపలే మిగిలింది. మంట తగలగానే డ్రమ్ము చీలి, మూత ఎగిరి, సెగ మొహాన కొట్టింది.

డెస్క్‌కు ఆరు లైన్లు ఇచ్చాను. మూడో పేజీ.

17 ఏప్రిల్, గురువారం

ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి పొద్దున ఆపరేషన్ చేశారు. వచ్చే బుధవారం కట్టు విప్పుతారు. చూపు ఉందో లేదో అప్పుడే తెలుస్తుందని డాక్టర్ చెప్పాడు. ఎంత శాతం అని అడిగాను. శాతాలు చెప్పలేనన్నాడు.

సీమోను భార్య సుందరమ్మ వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమ్మా అన్నాను. మీరు పేపర్ సారే గదా, మా ఆయన మీ ముచ్చటే చెప్తుండె అంది.  కూర్చోలేదు.

ప్రదర్శన ఆపొద్దని సీమోనే కబురు పెట్టాడట. పొద్దున ఎనిమిదికి బండి వచ్చి బొమ్మలను తీసుకుపోయింది.

18 ఏప్రిల్, శుక్రవారం

గోదాంకు మళ్ళీ వెళ్ళాను. ఇంతకు ముందు ఏముండేదో తెలియని డ్రమ్ములు కొని పనివాళ్ళ ముందు పడేస్తున్నాడని గోదాం యజమాని సేఠ్ మీద ఒక ఐటమ్ రాయాలనుకున్నాను. మైసయ్య దొరికాడు. డ్రమ్ములు దొర్లించి తెచ్చి సీమోను ముందు నిలబెట్టేది అతనే. పదేళ్ళ నుంచి ఇద్దరిదీ జోడీ.

మైసయ్య చెప్పింది నేను రాయాలనుకున్నదానికి సరిపోలేదు. డ్రమ్ములో ఏమున్నా వాళ్ళ పద్ధతి ఒకటే. అంచుదాకా నీళ్ళు నింపి, అప్పుడు కోస్తారు. నీళ్ళుంటే ఆవిరికి చోటుండదు. పద్దెనిమిదేళ్ళలో సీమోను ఒక్క డ్రమ్మునూ నీళ్ళు లేకుండా కోయలేదు. నీళ్ళు లేనినాడు డ్రమ్ముల జోలికి పోడు, రేకులు కోస్తాడు.

మరి బుధవారం ఏమైందన్నాను. ఈ ఎండాకాలం నల్లా నీళ్ళు దినం తప్పి దినం వస్తున్నాయి. బుధవారం రాలేదు, వంతు గురువారానిది. గోదాంలో నీళ్ళ హౌజు ఎండి పది రోజులైంది. మైసయ్య మొత్తుకున్నాడట, అన్నా, రేపు పొద్దుగాల నల్లా వస్తది, ఒక్క రాత్రి ఆగితె డ్రమ్ము యాడికి పారిపోతదే అని. సీమోను డ్రమ్ము మీది చిన్న మూత తీసి వాసన చూశాడు. ఎండి ఏండ్లయిందిరా, ఫికర్ చెయ్యకు అన్నాడట. మూత మళ్ళీ బిగించాడు.

అంత తొందరేమిటని అడిగాను. గురువారం పొద్దున బండి వచ్చేలోగా పన్నెండో బొమ్మ కావాలి. షెడ్డులోకి తీసుకుపోయి చూపించాడు. నిలువెత్తు మనిషి, గోడకు ఆనించి ఉన్నాడు. పైపుల కాళ్ళు, బస్సు రేకు ఛాతీ, సైకిల్ చైను వేళ్ళు. మెడ పైన ఏమీ లేదు. మొహానికి అతుకు లేని గుండ్రటి రేకు కావాలి, అసొంటిది డ్రమ్ము నెత్తి మీదనే దొరుకుతది సార్ అన్నాడు మైసయ్య.

పదకొండే పంపితే ఏమయ్యేదన్నాను.

మైసయ్య నా వైపు అదోలా చూశాడు. పేపర్ల పన్నెండని పడ్డది గద సార్ అన్నాడు.

తర్వాత తనంతట తానే చెప్పాడు. పేపర్ వచ్చిన మర్నాటి నుంచి గోదాంలో అందరూ సీమోనును ఆటపట్టించారట. మొదలుపెట్టింది మైసయ్యే. ఏందే సీమోనన్నా, నేను లెక్కవెడితె పదకొండే ఉన్నయి, ఇంకోదాన్ని మా వదిన పొయ్యి కింద దాచిందా అన్నాడట. ఎప్పుడూ నవ్వేవాడు నవ్వలేదట. అది చెప్పి మైసయ్య, నా నోట్లె మన్ను వడ అని చెంపలేసుకున్నాడు.

సేఠ్ మీద ఐటమ్ రాయలేదు.

18 ఏప్రిల్, సాయంత్రం 6

నోట్‌బుక్ తీశాను. ఏప్రిల్ పది నాటి పేజీ. నా చేతి రాతే. 11 అయినవి. 1 ఇంకా కాలేదు, మొహం దొరకలేదంటున్నాడు.

19 ఏప్రిల్, శనివారం

ఆ ఒకటి ఎందుకు కలిపానో గుర్తు చేసుకున్నాను. తొందరేమీ లేదు. ఎడిషన్‌కు ఇంకా రెండు గంటల టైముంది. ప్రదర్శన నాటికి ఎలాగూ అవుతుంది కదా అనుకున్నాను. పదకొండు కన్నా పన్నెండు నిండుగా కనబడింది. అంతే, ఇంకో కారణం లేదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. కుర్ర రిపోర్టర్ల కాపీలో 'సుమారు' అని కనబడితే, పోయి లెక్కపెట్టుకుని రా అని వెనక్కి పంపినవాణ్ణి.

కరెక్షన్ వేద్దామని ఎడిటర్‌ను అడిగాను. ఎవరైనా కంప్లైంట్ ఇచ్చారా అన్నాడు. లేదన్నాను. మరి మనంతట మనమే ఎందుకు గోక్కోవడం అన్నాడు. రేపు ప్రదర్శన పెట్టుకుని ఇవాళ ఒకటి తక్కువ అని వేస్తే ఆ మనిషికే నామోషీ కదా అన్నాడు. నోట్‌బుక్ జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను.

మూడింటికి ఆస్పత్రికి వెళ్ళాను. రెండు కళ్ళకూ కట్టు. తల కదలకుండా చెరో పక్కన ఇసుక సంచి. చేతులు మోచేతిదాకా కాలాయి, వేళ్ళు ఆడుతున్నాయి. అడుగుల చప్పుడుకే, పేపర్ సారా అన్నాడు.

నువ్వు పదకొండన్నావు, నేను పన్నెండు రాశాను, తప్పు నాది అని చెప్పాను.

తెలుసన్నాడు. ఆదివారం పొద్దున సుందరమ్మే చదివి వినిపించిందట. ఆమెకు చదువు బైబిలుతో వచ్చింది. వేలు పెట్టి ఒక్కొక్క మాట చదువుతుంది. ఆ అంకె దగ్గర వేలు ఆపి, పదకొండే గదా అందట. సారుకు చెప్పి దిద్దిపిద్దామని ఇద్దరూ అనుకున్నారు. తర్వాత చర్చికి పోతే, అక్కడ పాస్టరు ఆరాధన అయ్యాక ఆ ముక్కను అందరి ముందూ చదివాడు. మన సీమోను పన్నెండు బొమ్మలు చేసిండు, ప్రభువు శిష్యులెంతమందో అన్ని అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బస్తీ పెద్దమనుషులు వచ్చి చేతులు కలిపారు.

ఇగ పదకొండని ఎట్ల చెప్పాలె సార్, పదకొండంటే శిష్యుల్ల ఒకడు ప్రభువును మోసం చేసినట్టే గదా అన్నాడు సీమోను.

ఇంకో మాట కూడా అడిగాడు. పేపర్ల పడ్డంక అబద్ధమైతె నా పేరు పోతది గని, మీ పేరు పోతదా సార్ అని. కోపంతో అనలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు. పోవాలి అన్నాను. నవ్వబోయాడు. చెంప మీద కాలిన చర్మం లాగి ఆగిపోయాడు.

బయట బెంచీ మీద సుందరమ్మ ఉంది. ఆమెకూ చెప్పాను. నేనన్న మీతోని దిద్దిపియ్యకపోతి అంది.

20 ఏప్రిల్, ఆదివారం

గౌలిపురలో ఒక స్కూలు హాలు. సాయంత్రం ఐదింటికి తెరిచారు. ఏర్పాట్లన్నీ రామ్‌చందర్‌వి. ఆ స్కూల్లో డ్రాయింగ్ మాస్టరు. సీమోను బొమ్మలను మొదట చూసింది, నన్ను తీసుకుపోయి చూపించింది ఆయనే. మంచివాడు. ఉత్సాహం ఎక్కువ.

బొమ్మలు బాగున్నాయి. తారు డ్రమ్ము రేకుతో చేసిన బర్రె దగ్గర వెలుతురు బాగా పడింది. పక్క గల్లీ పాలాయన అంజన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కొమ్ములు మస్తున్నయి గని పొదుగే చిన్నగైంది, సీమోను ఎన్నడన్న పాలు పిండిండా అని అడిగాడు. పిండలేదని ఎవరో అన్నారు. గదే కనవడుతుంది అన్నాడు. పోయినవాడు మళ్ళీ వచ్చి పెళ్ళానికి కూడా చూపించాడు.

హాలు చివర ఎత్తు బల్ల మీద పేలిన డ్రమ్ము పెట్టారు. కింద కార్డు, దాని మీద 12.

రామ్‌చందర్‌ను పక్కకు పిలిచాను. పోలీసులు పంచనామా చేసి వదిలేస్తే నిన్న బండి పంపి తెప్పించాడట. ఇది ఎవరూ చేయలేనిది సార్, దానంతటదే అయిన రూపం అన్నాడు. మీరు కూడా పన్నెండని రాసిన్రు, లెక్క కుదిరింది అన్నాడు. తీసెయ్యమన్నాను. జనం దాని దగ్గరే నిలబడుతున్నరు చూడున్రి అన్నాడు.

అది నిజం. గడియారం చూసి లెక్కపెట్టాను. పది నిమిషాల్లో లోపలికి వచ్చినవాళ్ళు ముప్పై ఒక్కమంది. బర్రె దగ్గర ఆగినవాళ్ళు తొమ్మిదిమంది. డ్రమ్ము దగ్గర ఇరవై ఏడుమంది. ఒకతను చీలిన అంచు మీద వేలు పెట్టి, నెత్తురు మరక ఏదని వెతికాడు.

6.10కి సుందరమ్మ ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చింది. వెంట మైసయ్య. ఆమె ఒక్కో బొమ్మ దగ్గరా ఆగింది. ఇది మా పాత స్టవ్వు, ఇది మా అత్త కుట్టుమిషన్ చక్రం అని మైసయ్యకు చూపిస్తూ నడిచింది. డ్రమ్ము దగ్గరికి వచ్చి కార్డు మీద వేలు పెట్టి చదివింది.

ఇదెవరు చేసిన్రు అని రామ్‌చందర్‌ను అడిగింది. మీ ఆయనదేనమ్మా అన్నాడు.

మా ఆయన చేసింది గోదాంల నిలవడి ఉన్నది, మొఖం లేకుంట, ఇది ఆయన చెయ్యలే, తీసెయ్యిన్రి అంది. గొంతు పెంచలేదు. రామ్‌చందర్ ఈ ఒక్క రోజుకు అని ఏదో చెప్పబోయాడు. మాస్టరుగారూ, మీకు దండం పెడ్త అంది.

మైసయ్య ఇక ఆగలేదు. డ్రమ్మును బల్ల మీంచి వంచి నేలకు దించి, రోజూ గోదాంలో దొర్లించినట్టే దొర్లించుకుంటూ హాలు మధ్యలోంచి తీసుకుపోయాడు. చీలిన వైపు నేలకు తగిలినప్పుడల్లా దడేల్మంది. అందరూ దారి ఇచ్చారు. ఒకరిద్దరు నవ్వారు. మెట్ల మీద చప్పుడు ఆగేదాకా సుందరమ్మ కదల్లేదు.

కార్డు బల్ల మీదే ఉండిపోయింది.

7.30కి ఆఫీసులో రిపోర్ట్ ఇచ్చాను. మొదటి వాక్యంలోనే పదకొండు బొమ్మలు అని రాసి, కింద గీత గీశాను.

21 ఏప్రిల్, సోమవారం

పేపర్లో మళ్ళీ పన్నెండు అని వచ్చింది. డెస్క్‌లో కొత్తగా చేరిన సబ్ ఎడిటర్ పదమూడో తేదీ క్లిప్పింగ్ తీసి చూసి, నా పొరపాటును సరిచేశాడట. శ్రద్ధగల కుర్రాడని అందరూ అంటారు.

22 ఏప్రిల్, మంగళవారం

సుందరమ్మ అది కూడా చదివి వినిపించిందట. నేను వెళ్ళగానే, మళ్ళ పన్నెండేనా సార్ అన్నాడు సీమోను.

తర్వాత ఒక పని అడిగాడు. రేపు కట్టు విప్పినప్పుడు మంచానికి ఎదురుగా నేను నిలబడాలి. సుందరమ్మ కదా నిలబడాల్సింది అన్నాను. ఆమె నిలవడితె కనవడకున్నా కనవడ్తున్నదనే చెప్త సార్, ఆమె ఏడుపు నేను వినలేను, మీకైతె ఉన్నదున్నట్టు చెప్త అన్నాడు. సుందరమ్మ పక్కనే ఉండి ఇదంతా వింది. సరేనంది.

రేపు బుధవారం. ఉదయం తొమ్మిదికి కంటి వార్డు, మూడో మంచం. డాక్టర్ వేళ్ళు చూపించి ఎన్ని అని అడుగుతాడు. నన్ను ఎనిమిదిన్నరకే రమ్మన్నారు.